పెల్లెట్ పొయ్యి: కొనే ముందు చూసుకోవాల్సినవి, మొదటిసారి వెలిగించే పద్ధతి

పెల్లెట్లంటే రంపపు పొట్టు, వేరుశనగ పొట్టు లాంటివి గట్టిగా నొక్కి చేసిన చిన్న గుళికలు. వాటితో మండే పెల్లెట్ పొయ్యి కొన్న చాలామంది మొదటి వారంలోనే విసుగెత్తి మూల పడేయడానికి ముఖ్యమైన కారణం, దాన్ని గ్యాస్ స్టవ్‌లాగా వాడబోవడం. గ్యాస్ మీద వంట మొదలుపెట్టాక కూడా టైము మన చేతిలోనే ఉంటుంది. పప్పు ఉడకలేదంటే ఇంకో పది నిమిషాలు ఉంచుతాం. పెల్లెట్ పొయ్యిలో అలా కుదరదు. ఎంతసేపు మంట కావాలో వెలిగించకముందే అనుకుని, ఆ లెక్కకు సరిపడా పెల్లెట్లు తూచి పోయాలి. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే మిగతాదంతా తేలికే.

ఇక్కడ చెప్పేది ఫ్యాన్ ఉన్న చిన్న వంట పొయ్యి గురించి. చలి ప్రాంతాల్లో గది వెచ్చగా ఉంచడానికి గోడ పక్కన బిగించే పెల్లెట్ హీటర్లు వేరే రకం. బెంగళూరు డిసెంబర్ చలికి వాటి అవసరం లేదు. మిద్దె మీదో పెరట్లోనో కొంచెం జాగా ఉండి, స్నానాల నీళ్లకు, పండగ వంటలకు, సంకటికి, గ్యాస్ ఆదా చేయడానికి పొయ్యి కావాలనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. అపార్ట్‌మెంట్ వంటగదిలో పెట్టుకుందామనుకుంటే మాత్రం కొనవద్దు. ఎందుకో కింద చెప్తాం.

లోపల జరిగేది ఏమిటి

పొయ్యి మధ్యలో స్టీలుతోనో సిరామిక్‌తోనో చేసిన లోతైన గొట్టం లాంటి గది ఉంటుంది. దాని అడుగున జల్లెడ, పై అంచు దగ్గర చుట్టూ ఒక వరుస రంధ్రాలు. కింద ఉన్న చిన్న ఫ్యాన్ గాలిని రెండు దారుల్లో పంపుతుంది. కొంచెం గాలి జల్లెడ గుండా పెల్లెట్లలోకి వెళ్తుంది, ఎక్కువ గాలి పై రంధ్రాల నుంచి వస్తుంది. నిప్పు పైన అంటించాలి. అది మెల్లగా కిందికి దిగుతుంది. దిగుతున్నకొద్దీ వేడెక్కిన పెల్లెట్లకు పూర్తిగా మండేంత గాలి అందదు కాబట్టి అవి పొగను వదులుతాయి. ఆ పొగ పైకి వచ్చి, రంధ్రాల గాలి తగలగానే మండుతుంది. గిన్నె కింద మనకు కనిపించే మంట అంతా ఆ పొగ మండటమే.

నిప్పు అడుగుదాకా చేరాక పొగ ఆగిపోతుంది, బొగ్గు మిగులుతుంది. పోసిన పెల్లెట్ల బరువులో సుమారు ఐదో వంతు ఇలా బొగ్గుగా నిలుస్తుంది. అప్పుడు పసుపు మంట పోయి, నిప్పుల మీద పొట్టి నీలి మంటలు ఆడతాయి. కాబట్టి ప్రతి విడతలో రెండు దశలుంటాయి. మొదట గట్టి మంట, తర్వాత నిదానమైన సెగ. వంటను ఈ రెండింటికి తగ్గట్టు అమర్చుకోవాలి.

ఇంకో సంగతి. పెల్లెట్లు రెట్టింపు పోస్తే మంట పెద్దదవదు, రెట్టింపు సేపు ఉంటుంది. మంట పెద్దదా చిన్నదా అన్నది ఫ్యాన్ నాబ్ తేలుస్తుంది. ఇది తెలియక పొయ్యిని అంచుదాకా నింపి, పై రంధ్రాలు మూసేసి, ఇల్లంతా పొగ చేసుకునేవాళ్లే ఎక్కువ.

ముందు పెల్లెట్లు, తర్వాత పొయ్యి

ఫ్యాన్ ఉన్న ఇలాంటి పొయ్యి బెంగళూరుకు కొత్తేమీ కాదు. ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రూపుదిద్దుకున్న ఊర్జా స్టవ్ 2000 దశకంలోనే మార్కెట్లోకి వచ్చింది. పొయ్యి బాగానే మండేది. పెల్లెట్ల ధర పెరిగాక చాలా ఇళ్లు వాడటం మానేశాయి. అందుకని మీ ఇంటికి దగ్గరలో ఏడాది పొడుగునా పెల్లెట్లు ఇచ్చేవాళ్లు ఉన్నారా లేదా అన్నది పొయ్యి మోడల్ కన్నా ముందు తేల్చుకోవాల్సిన విషయం.

ధర కిట్టుబాటవుతుందో లేదో లెక్క వేసుకోండి. కిలో గ్యాస్‌లో దాదాపు 11,000 కిలోకేలరీలు ఉంటాయి, మంచి పెల్లెట్లలో సుమారు 4,000. గ్యాస్ వేడిలో 65 శాతం దాకా గిన్నెకు చేరుతుందనుకుంటే, పెల్లెట్ పొయ్యిలో 40 శాతం చేరుతుంది. అంటే కిలో గ్యాస్ పని చేయడానికి నాలుగున్నర కిలోల పెల్లెట్లు కావాలి. 14.2 కిలోల సిలిండర్‌కు బదులు దాదాపు 64 కిలోలు. మీరు కట్టే సిలిండర్ ధరను 64తో భాగించండి. కిలో పెల్లెట్లు ఆ అంకె కన్నా తక్కువకు, రవాణాతో కలిపి, ఇంటికి చేరితేనే డబ్బు మిగులుతుంది. ఇంటి సిలిండర్‌తో పోలిస్తే మిగులు తక్కువే లేదా అసలు ఉండకపోవచ్చు. మెస్‌లు, కర్రీ పాయింట్లు వాడే 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌కు ఇదే లెక్క వేస్తే (అప్పుడు 85తో భాగించాలి) పెల్లెట్ల లాభం బాగా తెలుస్తుంది.

రకాల్లో రంపపు పొట్టుతో చేసినవి అన్నిటికన్నా మేలు. బూడిద 1 నుంచి 3 శాతం లోపే ఉంటుంది. పావగడ, హిందూపురం వైపు దండిగా దొరికే వేరుశనగ పొట్టుతో చేసినవి కూడా బాగా మండుతాయి, బూడిద కొంచెం ఎక్కువ. వరి ఊకవి చవకగా ఇస్తామన్నా ఇంటి పొయ్యికి తీసుకోవద్దు. బూడిద 15 శాతం దాటుతుంది, అంటే 600 గ్రాములు పోస్తే 90 గ్రాముల బూడిద జల్లెడ మీద కూర్చుని గాలిని ఆపేస్తుంది. ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ పొట్టుతో చేసినవాటిలో జిగురు ఉంటుంది. చేతిలో నలిపితే ఘాటుగా, రసాయనం వాసన వస్తే వెనక్కి ఇచ్చేయండి. ఆ పొగ వంట మీదికి రాకూడదు.

బస్తా కొనే ముందు గుప్పెడు అడిగి తీసుకుని మూడు పరీక్షలు చేయండి. పెల్లెట్ 6 లేదా 8 మిల్లీమీటర్ల లావుండి, పైన నున్నగా మెరవాలి. విరిస్తే టక్కుమని విరగాలి, వంగి పొడి పొడిగా రాలిపోతే తేమ పట్టిందన్నమాట. గ్లాసు నీళ్లలో వేస్తే మునగాలి. తేలితే సరిగ్గా నొక్కలేదని అర్థం, అవి త్వరగా కాలిపోయి పొగ చేస్తాయి. తేమ అనుమానం తీరకపోతే వంటింటి త్రాసులో సరిగ్గా 100 గ్రాములు తూచి, ఎండలో మూడు నాలుగు గంటలు ఉంచి మళ్లీ తూచండి. నాలుగు గ్రాముల కన్నా ఎక్కువ తగ్గితే ఆ బస్తా వద్దు.

పొయ్యి మీద ఐఎస్ 13152 అన్న ప్రమాణం ఉందేమో అడగండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం ఫ్యాన్ ఉన్న పొయ్యి కనీసం 35 శాతం వేడిని గిన్నెకు చేర్చాలి, ఫ్యాన్ లేనిదానికి 25 శాతం చాలు. పొగ నలుసుల పరిమితి కూడా ఫ్యాన్ రకానికి బాగా తక్కువ: గిన్నెకు చేరే ప్రతి మెగాజౌల్‌కు 150 మిల్లీగ్రాములు. పరీక్ష రిపోర్టు చూపించగలిగిన దుకాణం మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

ఎక్కడ పెట్టాలి

కనీసం రెండు వైపులా తెరిచి ఉన్న చోటు కావాలి. మిద్దె మీద రేకుల షెడ్డు, పెరట్లో చావడి, ఇంటి వెనక వరండా సరిపోతాయి. రేకు జింకుదై ఉండి, పొయ్యికి కనీసం రెండు మీటర్ల ఎత్తున ఉండాలి. ఫైబర్, ప్లాస్టిక్ షీట్ల కింద వెలిగించొద్దు. చుట్టూ మీటరు దూరంలో ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు, సోలార్ పైపు, బట్టల తీగ, గ్యాస్ సిలిండర్ ఉండకూడదు. బెంగళూరులో జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి గట్టిగా వీస్తుంది. ఆ వైపు నడుమెత్తు రేకు అడ్డం పెడితే మంట పక్కకు కొట్టుకుపోదు.

స్నానాల గదిలో అండా కింద పెట్టడం, చలికి పొయ్యిని హాల్లోకి తెచ్చుకోవడం ప్రాణాపాయం. బొగ్గు దశలో పొగ కనిపించదు, వాసన రాదు, కానీ కార్బన్ మోనాక్సైడ్ వచ్చేది ఎక్కువగా అప్పుడే. పొగ లేదు కదా అని తలుపు మూసుకున్నవాళ్లు నిద్రలోనే పోతారు. గ్యాస్ లీక్ అలారం ఉంది కదా అనుకోవద్దు. అది ఎల్పీజీని పసిగడుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ను కాదు. షెడ్డు పక్కన పడకగది కిటికీ ఉంటే ఆ గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి బిగించుకోండి. వంటగదిలో ఉన్న కరెంటు చిమ్నీ కింద కూడా ఈ పొయ్యి పనికిరాదు. నూనె పట్టిన ఫిల్టర్‌కు ఒక నిప్పురవ్వ తగిలితే చాలు, అంటుకుంటుంది.

అడుగున రెండు వరసల ఇటుకలు పరిచి, రసమట్టం పెట్టి చదును చూసుకోండి. కడప బండ, గ్రానైటు మీద నేరుగా పెట్టొద్దు, నిప్పులు పడితే పగులుతాయి. నేల మీద నుంచి ఒక జానెడు ఎత్తు ఉంటే ఫ్యాన్ దుమ్మునూ తడినీ పీల్చుకోదు. ఇటుకలు ఫ్యాన్ నోటికి అడ్డం రాకుండా చూడండి.

ఫ్యాన్, కరెంటు

పొయ్యితో వచ్చిన అడాప్టర్ వాడటమే మంచిది. పోతే కొత్తది కొనేటప్పుడు దాని మీద రాసిన వోల్టులు అచ్చంగా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకన్నా తక్కువ కాకూడదు, పిన్నులో ప్లస్, మైనస్ గుర్తులు కలవాలి. వైరు పొయ్యికి తగలకుండా పక్క నుంచి తీసుకురండి. కాళ్లకు అడ్డం పడేలా వేలాడితే గిన్నెతో సహా తిరగబడుతుంది.

వంట మధ్యలో కరెంటు పోతే మంట ఒక్కసారిగా పొగగా మారుతుంది, వేడి వెనక్కి తిరిగి ఫ్యాన్ ప్లాస్టిక్‌ను కరిగించొచ్చు. 12 వోల్టుల ఫ్యాన్ అయితే వైఫై రౌటర్‌కు పెట్టుకునే చిన్న యూపీఎస్ చక్కగా సరిపోతుంది. యూఎస్‌బీ ఫ్యాన్‌కు పవర్ బ్యాంక్ పెట్టేవాళ్లు ఒక పరీక్ష చేయాలి: ఫ్యాన్‌ను అరగంట ఉత్తగా తిప్పి చూడండి. ఇంత చిన్న కరెంటు లాగితే చాలా పవర్ బ్యాంకులు ఫోన్ నిండిందనుకుని వాటంతట అవే ఆగిపోతాయి. యూపీఎస్ లేనప్పుడు కరెంటు పోతే గిన్నె దించి, దూరంగా నిలబడి, మంట దానంతట అది తగ్గేదాకా వదిలేయండి.

మొదటి మంట

లోపలి అట్టముక్కలు, ప్లాస్టిక్ పొరలు, స్టిక్కర్లు తీసేసి, గదిని పొడిగుడ్డతో తుడవండి. ఫ్యాన్ ఆన్ చేసి, పై రంధ్రాల దగ్గర చెయ్యి పెట్టి చుట్టూ గాలి సమంగా వస్తుందో లేదో చూడండి. ఒక వైపు రాకపోతే లోపలి గది సరిగ్గా కూర్చోలేదు.

మొదటిరోజు వంట పెట్టుకోవద్దు. మూడో వంతు పెల్లెట్లు మాత్రమే పోసి, సన్నని గాలితో మండించి, పైన నీళ్ల గిన్నె పెట్టండి. ఫ్యాక్టరీ నూనె, రంగు కాలి కాసేపు ఘాటు వాసన వస్తుంది. సిరామిక్ గది ఉంటే అందులోని చెమ్మ మెల్లగా ఆరాలి. తొలిసారే నిండా పోసి గట్టిగా మండిస్తే నిలువునా చీలుతుంది. పూర్తిగా చల్లారాక, మర్నాడు సగం పోసి ఇంకోసారి. ఆ తర్వాతే మామూలు వాడకం.

వెలిగించడానికి పెల్లెట్లను పై రంధ్రాలకు కనీసం రెండు మూడు సెంటీమీటర్లు కిందికి ఉండేలా పోసి చదును చేయండి. ఒక గుప్పెడు పెల్లెట్లలో ఒక టేబుల్ స్పూన్ వాడేసిన వంటనూనె కలిపి పది నిమిషాలు నాననిచ్చి, వాటిని పైన పరవండి. మీద కొంచెం కొబ్బరి పీచు, నాలుగు కర్పూరం బిళ్లలు. పెట్రోలు, థిన్నర్, శానిటైజర్ మాట తలపెట్టొద్దు. ఫ్యాన్ ఆపి ఉంచి, పొడవాటి అగ్గిపుల్లతో రెండు మూడు చోట్ల అంటించండి. ఒకటి రెండు నిమిషాల్లో పైభాగమంతా అంటుకుంటుంది. అప్పుడు ఫ్యాన్ అన్నిటికన్నా తక్కువలో పెట్టండి. పీచు అంటుకోగానే తొందరపడి గాలి పెంచితే మంట ఆరిపోయి తెల్లపొగ వస్తుంది. మొదటివారం వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇదే.

చుట్టూ ఉన్న రంధ్రాల దగ్గరి నుంచి మంట నాలుకలు మధ్యకు వంగి కనిపిస్తే పొయ్యి కుదురుకున్నట్టు. వెలిగించిన మూడు నుంచి ఐదు నిమిషాలకు ఇది వస్తుంది. గిన్నె పెట్టేది అప్పుడే. ముందే పెడితే చల్లని గిన్నె అడుగు మంటను చంపి, మసి పట్టిస్తుంది.

మీ పొయ్యి లెక్క రాసుకోండి

చిన్న పొయ్యిలు మధ్యస్థంగా గాలి పెడితే నిమిషానికి సుమారు 10 గ్రాములు కాల్చుతాయి. మీదానికి అసలు అంకె తేలడానికి 300 గ్రాములు తూచి పోసి, నాబ్ మధ్యలో పెట్టి, పసుపు మంట ఎన్ని నిమిషాలు, ఆ తర్వాత సెగ ఎన్ని నిమిషాలు ఉందో రాసుకోండి. పొయ్యి పక్క గోడ మీద సుద్దముక్కతో రాసిపెట్టుకుంటే ఇంట్లో ఎవరు వెలిగించినా పనికొస్తుంది. అదే బస్తా ఉన్నంతకాలం ఆ లెక్క తప్పదు. బస్తా మారితే మళ్లీ తూచాలి.

నీళ్ల లెక్క ఇంకా సులువు. 22 డిగ్రీల నీళ్లు 40 లీటర్లు 60 డిగ్రీలకు తేవాలంటే 1,520 కిలోకేలరీలు గిన్నెకు చేరాలి, అంటే మూతపెట్టిన పాత్రకు సుమారు కిలో పెల్లెట్లు. చన్నీళ్లు కలుపుకుంటే నలుగురి స్నానాలు అయిపోతాయి. మీ పొయ్యిలో కిలో పట్టకపోతే రెండు విడతలుగా చేయండి. అండా బరువు పొయ్యి మీద పడనివ్వకండి. 40 లీటర్లంటే నీళ్లే 40 కిలోలు. చుట్టూ ఇటుకలు పేర్చి, బరువంతా వాటి మీద ఆనేలా చేసి, మంట మాత్రం కింద తగిలేలా అమర్చాలి. ఇటుకల మధ్య గాలి, పొగ పోయే సందులు వదలాలి.

మొదటి వంటకు సంకటి

ఈ పొయ్యి రెండు దశలూ సరిగ్గా సరిపోయే వంట రాగి సంకటి. నలుగురికి 150 గ్రాముల బియ్యం అరగంట నానబెట్టి, 300 గ్రాముల రాగిపిండి పక్కన పెట్టుకోండి. నీళ్లు సుమారు లీటరున్నర. పొయ్యిలో 350 గ్రాముల పెల్లెట్లు. గట్టి మంట మీద నీళ్లు కాగి, బియ్యం మెత్తగా ఉడికేసరికి పాతిక నిమిషాలు పడుతుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి, చెన్నైలో కన్నా అన్నం కొంచెం ఆలస్యంగా మెత్తబడుతుంది. పసుపు మంట తగ్గుతుండగా పిండిని మధ్యలో కుప్పగా పోసి, మూతపెట్టి, ఫ్యాన్ తక్కువ చేయండి. మిగిలిన పది నిమిషాల సెగ మీద పిండి అడుగంటకుండా మగ్గుతుంది. గెలికేది మాత్రం పొయ్యి మీద కాదు. గిన్నెను నేల మీదికి దించి, గట్టిగా పట్టుకుని తెడ్డుతో కలపండి. సంకటి కలిపే ఊపుకు చిన్న పొయ్యి తిరగబడుతుంది.

పప్పు, మాంసం, పొంగలి కూడా ఇలాగే కుదురుతాయి. బొబ్బట్లు, దోసెలకు గంటసేపు ఒకే రకం సన్నసెగ కావాలి కాబట్టి వాటిని గ్యాస్ మీదే చేసుకోండి.

ఏది ఎందుకు చెడుతుంది

మంట మధ్యలో ఆరిపోయి తెల్లపొగ గుమ్మంటే అది మండని గ్యాస్. గిన్నె దించి, ముఖం దూరంగా పెట్టి, పక్క నుంచి వెలుగుతున్న కాగితం పైన వేస్తే భుగ్గున మళ్లీ అంటుకుంటుంది. వంగి చూస్తూ అంటిస్తే కనుబొమ్మలు కాలుతాయి. మళ్లీ మళ్లీ ఇలాగే అయితే పెల్లెట్లు తడిసినవి, లేదా బస్తా అడుగు పొడి ఎక్కువ పడింది. పొడి గాలి దారులు మూసేస్తుంది. అడుగు పెల్లెట్లను పిండి జల్లెడలో జల్లించి పోయండి.

గిన్నె అడుగు నల్లబడుతోందంటే మంటకు పైగాలి చాలట్లేదు. ఎక్కువ నింపి ఉంటారు, లేదా గిన్నె మరీ వెడల్పై గాలిని నొక్కేస్తోంది. గిన్నె ఆనే కాళ్లను వంచడం, తీసేయడం చేయొద్దు, ఆ సందు కొలిచి పెట్టిందే. వెలిగించే ముందు గిన్నె బయట పలచగా మట్టి పూస్తే మసి దానితోపాటే కడుక్కుపోతుంది.

చల్లారాక జల్లెడ మీద గాజులా గట్టిపడ్డ ముద్దలు కనిపిస్తే అది చిట్టెం. బూడిద కరిగి గడ్డకట్టింది. పొట్టు, గడ్డి రకాల పెల్లెట్లను ఎక్కువ గాలితో కాల్చితే వస్తుంది. సుత్తితో కొట్టి తీయబోతే జల్లెడ విరుగుతుంది, మొండి పుల్లతో మెల్లగా లేపండి. బొగ్గు దశ మొదలవగానే ఫ్యాన్ తగ్గించే అలవాటు ఉంటే చిట్టెం సగానికి సగం తగ్గుతుంది, జల్లెడ కూడా ఎక్కువకాలం మన్నుతుంది.

వంట ఇంకా కాలేదు, మంట అయిపోయింది అన్నప్పుడు నిప్పుల మీద కొత్త పెల్లెట్లు పోయకండి. కింది వేడికి అన్నీ ఒకేసారి పొగ వదులుతాయి. నిప్పులను ఇనుప బకెట్‌లోకి వంచి, మళ్లీ నింపి, పైన వెంటనే అంటించాలి. లేదంటే మిగిలిన పది నిమిషాల పని గ్యాస్ మీద ముగించండి.

ఆర్పడం, బూడిద, నిల్వ

ఆర్పడానికి నీళ్లు పోయొద్దు. ఆవిరి ఎగజిమ్మి చేతులు కాలుతాయి, సిరామిక్ పగులుతుంది, స్టీలు వంకరపోతుంది. నిప్పులను ఇనుప బకెట్‌లోకి తీసి బయటే గట్టి మూత పెడితే గాలి లేక ఆరిపోతాయి. ఆ బొగ్గు శుక్రవారం సాంబ్రాణికి, ఇస్త్రీ పెట్టెకు పనికొస్తుంది. వేడి తగ్గేదాకా, అంటే మరో పావుగంట, ఫ్యాన్‌ను తక్కువలో తిరగనివ్వండి. వెంటనే ఆపితే కింది మోటారుకు సెగ తగులుతుంది.

బూడిదను ఒకరోజు మూతబకెట్‌లో ఉంచాకే చెత్తలో వేయాలి. పైకి చల్లగా ఉన్నా లోపల నిప్పు గంటల తరబడి దాక్కుంటుంది, ప్లాస్టిక్ చెత్తబుట్టలు కాలిపోయేది అలాగే. రంపపు పొట్టు బూడిదను మొక్కలకు చిటికెడు చిటికెడు వేయొచ్చు, ఎక్కువైతే మట్టి క్షారమవుతుంది.

పెల్లెట్లకు శత్రువు నీరే. తడిస్తే ఉబ్బి మళ్లీ పొట్టయిపోతాయి, ఎండబెట్టినా పనికిరావు. బిగుతు మూత ఉన్న 20 లీటర్ల పెయింట్ బకెట్‌లో సుమారు 13 కిలోలు పడతాయి. రోజువారీ వాడకానికి ఒకటి పొయ్యికి దూరంగా పెట్టుకుని, మిగతా బస్తాను ఇంట్లో చెక్క మీద, గోడకు ఆనకుండా ఉంచండి. సెప్టెంబర్, అక్టోబర్ వానల్లో ఒకేసారి రెండు నెలల సరుకు తెచ్చుకోవద్దు. నెలకోసారి ఫ్యాన్ వైరు తీసి, రెక్కల మీది దుమ్మును పెయింట్ బ్రష్‌తో దులిపి, పై రంధ్రాల్లో సైకిల్ పుల్ల పెట్టి ఒక్కోదాన్నీ శుభ్రం చేయండి.